తిరగేసి రాసిన అక్షరాలు

జూబ్లీహిల్స్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే మా కోడలు మొన్న నన్ను ఆఫీసుకు వెంటబెట్టుకెళ్ళి, తాను తయారు చేస్తున్న అంతరిక్ష నౌకను కంప్యూటర్లో చూపించింది. దాని గోడల నిండా ఏ భాషకూ చెందని గీతలు కనిపించేసరికి నాకు కుర్చీలో కుదురు లేకపోయింది. మూడుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చాను. షుగరేమో అనుకుంది పాపం.

మన కాలంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నౌకంటే ప్లైవుడ్డూ, థర్మోకోలూ, వెండి రంగూ. ఫిల్మ్‌నగర్‌లో అలాంటిదొకటి మా మేనమామ నిలబెట్టాడు, ఆర్ట్ డైరెక్టరుగా ఆయనకదే మొదటి పెద్ద సినిమా. మోతీనగర్‌లో గోడల మీద రాతలు రాసుకుని బతుకుతున్న నన్ను పిలిపించి, "గీ గోడంత వేరే గ్రహపోళ్ళ లిపి ఉండాలె అల్లుడూ, పొద్దుమూకేలోపు నింపు" అన్నాడు. ఆ లిపి నాకెవరు నేర్పారు? తెలుగునే అద్దంలో కనబడేట్టు తిరగేసి రాసుకుంటూ పోయాను. ఏం రాస్తున్నానో కూడా చూసుకోలేదు, చేతికి అలవాటైన మాటే పడింది.

మర్నాడు కొబ్బరికాయ కొట్టి, నౌకకు బొట్టుపెట్టి షాట్ మొదలుపెట్టారు. ఆ గోడకు ఎదురుగా అద్దంలా మెరిసే నిలువెత్తు స్టీలు తలుపు ఉంది. కెమెరా అటు తిరగగానే, అందులో హీరోగారి తల పక్కనే, గుండ్రటి తెలుగులో, "ఇచ్చట మూత్రము పోయరాదు" అని కనబడింది.

ఫ్లోరంతా విరగబడి నవ్వింది. హీరోగారు మాత్రం విసవిసా కారెక్కి వెళ్ళిపోయారు. "ఎవడయ్యా రాసింది?" అని దర్శకుడు అరిచాడు. నేను రంగు డబ్బాను వెనక్కి దాచుకున్నాను. మామ ముందుకొచ్చి, "నేనే రాసిన సార్, పొరపాటైంది" అన్నాడు. సాయంత్రానికల్లా ఆయన్ని సినిమాలోంచి తీసేశారు. నేనూ వెంట బయలుదేరబోతే, "ఈళ్ళకు రాసెటోడు కావాలె, నువ్వుండు బిడ్డా" అన్నాడు. సిగ్గులేకుండా ఉండిపోయాను.

మామకు మళ్ళీ పెద్ద సినిమా రాలేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా ఆ కథను తన తప్పుగానే చెప్పి అందరినీ నవ్వించేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. "తప్పయింది మామా" అనే రెండు ముక్కలు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి.

ఇప్పుడు అక్షరం తప్పితే ఒక్క మీట నొక్కి చెరిపేస్తారు, ఎవరి కోసమూ ఎవరూ తలవంచనక్కరలేదు. మంచిదే. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మాటొస్తే మా వాళ్ళంతా ఇవాళ్టికీ ఆ గోడ రాత చెప్పుకునే నవ్వుతారు. అది రాసింది నేనని ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు.