మోకాలి కట్టు

మొన్న తిరుపతి బస్టాండులో మా అక్క కూతురి కోచ్ సారు కనిపించారు. రిటైరయ్యాక మనిషి సగమైపోయారు. ప్యాంటు మీదనే మోకాలికి క్రేప్ బ్యాండేజి చుట్టుకున్నారు. అది చూడగానే నాకు నవ్వూ, ఆనాటి గుండెదడా రెండూ కలిసే వచ్చాయి.

మా పిల్ల హర్డిల్స్ పరిగెత్తేది. ప్రాక్టీసులో దాన్ని పట్టుకునేవాళ్లు లేరు. పోటీ అంటే మాత్రం తుపాకీ పేలకముందే కాలు కదిలిపోయేది, ఇంకేముంది, బయటికి పంపేసేవాళ్లు. అప్పుడే పిల్లలు ప్రాక్టీసు చేసే యూనివర్సిటీకి ఒక మేడం వచ్చారు, ఆటగాళ్ల మనసులో భయం పోగొట్టడానికి. సారుకు ఆ మాటే గిట్టదు. "మనసుకేం రోగమబ్బా? ఇంకో రెండు రౌండ్లు కొడితే అదే పోతాది" అనేవారు. పిల్లలకూ సిగ్గే. మేడం గదిలో అడుగుపెడితే పిచ్చిదనే పేరు చిత్తూరు దాకా పాకి, పెళ్లి సంబంధాల్లో కూడా తేలుతుంది. పక్కగది కాళ్ల నొప్పులు చూసే ఫిజియోది కావడం మా అదృష్టం. మేడం దగ్గరికెళ్లే పిల్లలంతా మోకాలికి కట్టు కట్టుకుని వెళ్లేవాళ్లు. మోకాలి నొప్పంటే మర్యాదగల నొప్పి కదా! మా పిల్లకు నేనే చుట్టేదాన్ని, ఒకరోజు ఎడమ కాలికి, ఒకరోజు కుడి కాలికి.

క్యాంపు సెలెక్షన్ రోజు పొద్దున కూడా మేడం దగ్గరికి పోయి, కంగారులో ఆ కట్టుతోనే మైదానానికి వచ్చేసింది. సారు చూడనే చూశారు. "యాడ తగిలింది పాపా? నాకెందుకు చెప్పల్యా? ఈ కాలుతో ఎగిరితే జన్మంతా కుంటతావు. పేరు తీయించేస్తా" అంటూ అధికారుల బల్ల వైపు నడిచారు. ఆ ఏడాది తప్పితే దానికి వయసు దాటిపోతుంది. నిజం చెబితే పిచ్చిదంటారు, చెప్పకపోతే పరుగే లేదు.

పిల్ల ఆయన వెనకే ఉరికి, అందరూ వింటుండగానే, "మోకాలు బాగుండాది సార్. నేను పోయేది మేడం కాడికి. స్టార్టింగులో నాకు భయం సార్, చేతులు వణకతాయి" అనేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. సారు అటు చూసిన చూపుకు ఆ నవ్వు నోట్లోనే ఆగిపోయింది. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. తిడతారనుకున్నాను. నేల మీద కూర్చుని, తన చేతుల్తోనే ఆ కట్టు విప్పారు. "పో, పరిగెత్తు పో" అన్నారు, అంతే.

నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. తుపాకీ పేలాక తెరిచి చూస్తే, మా పిల్ల అందరితోపాటే పరుగులో ఉంది. మూడోదిగా వచ్చి క్యాంపుకు ఎంపికైంది కూడా.

మొన్న బస్టాండులో, "కాలికేమైంది సార్?" అన్నాను. "మోకాలమ్మా, వయసైంది కదా" అన్నారు. నేను ఊరుకోక, "మేడం బాగుండారా సార్?" అని అడిగాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "రిటైరైనాక నిద్ర పట్టడంల్యా తల్లీ. యాడా అనొద్దు" అన్నారు. ఇంతలో పూతలపట్టు బస్సు వచ్చింది. కుంటడం మరిచిపోయి, గబగబా ఎక్కేశారు. పదిహేడేళ్ల పిల్ల ఒక్క పొద్దులో వదిలేసిన కట్టును మా వయసువాళ్లం ఇంకెన్నేళ్లు చుట్టుకుని తిరుగుతామో.