మోకును మూడుసార్లు గుంజినోడు

తాటిచెట్టు ఎక్కే ముందు పరశురాములు మోకును మూడుసార్లు గుంజేవాడు. చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకున్న ఆ లావుపాటి తాడు మీద ఒళ్లు బరువంతా వేసి, వెనక్కి వాలి, ఒకటి, రెండు, మూడు. అప్పుడు గానీ కాలు నేల మీది నుంచి లేచేది కాదు. పక్క చెట్టు మీద బామ్మర్ది పోశాలు అప్పటికే సగం దాకా పోయి, కిందికి చూసి నవ్వేవాడు. తాటివనానికి రోజూ అందరికంటే ముందు వచ్చేది పోశాలే.

"ఏంది బావా, మోకు గుంజుతున్నవా, పాలకు మీ అవ్వ కొంగు గుంజుతున్నవా?"

మొగుళ్లపల్లి మండలంలోని ఆ ఊళ్లో కల్లు గీసే గౌండ్ల ఇండ్లు నలభై దాకా ఉంటాయి. నలభై ఇండ్లలోనూ పరశురాములుకు పిరికోడని పేరు. ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఉన్న మాటే కదా.

ఆ వృత్తిలో భయమనే మాట ఎవరూ నోట రానివ్వరు. మనిషి యాభై అడుగుల మీది నుంచి పడి చచ్చినా పడ్డాడనరు, "మోకు జారింది" అంటారు. తప్పంతా తాడుదే అన్నట్టు. పరశురాములు పందొమ్మిదో ఏట వాళ్ల నాయినకూ మోకు జారింది. పీనుగు చుట్టూ కూర్చుని, "ఎంత ధైర్యం గల్లోడు, వానల సుత ఎక్కేటోడు" అని ఊరంతా పొగిడింది. చచ్చినోడి కళ్లు చారెడు. వానలో ఎక్కినందుకే చచ్చాడని ఒక్కడూ అనలేదు.

దినాలు అయిన మర్నాడే నాయిన మోకు కొడుకు నడుముకు వచ్చింది. ఆయన్ని కింద పడేసిన మోకే అది, ఇంట్లో ఇంకోటి లేదు. పరశురాములు మూడు నిలువులు ఎక్కి చెట్టును కావలించుకున్నాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. కాళ్లు వణికాయి, లాగు తడిసింది. కింద నిలబడ్డవాళ్లలో అందరికంటే ఎక్కువ నవ్వింది అప్పటికింకా మీసం రాని పోశాలు. తర్వాత వాడి అక్క రేణుకనే పరశురాములు పెండ్లి చేసుకున్నాడు కాబట్టి ఆ నవ్వు చుట్టరికంగా మారి ఇరవై ఏండ్లు నడిచింది.

ఆ రోజు ఇంటికి వచ్చి మూలకు ముడుచుకున్న కొడుకుతో తల్లి పోచమ్మ ఒక్క మాట అన్నది.

"భయమైతే భయపడు బిడ్డా. మీ నాయినకు లేకనే పోయిండు."

ఆయన జీవితంలో ఎవరైనా చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. తర్వాత చాలామంది చాలా చెప్పారు, మైకు పట్టుకుని మరీ చెప్పారు. అవన్నీ కలిపినా దీనికి సరిరావు.

పరశురాములు భయపడ్డాడు, శ్రద్ధగా భయపడ్డాడు. వాన తుంపర పడితే ఎక్కడు. గాలి మోత మారితే సగంలోంచైనా దిగుతాడు. మోకును ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీస్తాడు. ఏ చెట్టు ఒళ్లు ఎక్కడ నున్నగా ఉంటుందో, ఎక్కడ కాలు జారుతుందో పేరుపేరునా తెలుసు. లారీ మీద టార్పాలిన్ కట్టే తాడు ఒకటి తెచ్చి మోకుకు తోడుగా నడుముకు రెండో కట్టు కట్టుకున్నాడు. దానికీ నవ్వారు. ఇరవై మూడేండ్లలో చుట్టుపక్కల ఊళ్లలో పదకొండు మందికి మోకు జారింది. ఈ పిరికోడికి మాత్రం జారలేదు.

ఆఫీసు పనులు కూడా ఆ భయమే నేర్పింది. నాయిన పోయాక నష్టపరిహారం కోసం పోచమ్మ రెండేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. గీత కార్మికుడి కార్డు పాతబడిందని ఒకరు, పంచనామా సరిగ్గా లేదని ఒకరు తిప్పి తిప్పి ఉత్తచేతులతో పంపారు. రేపు రేణుకకు అదే గతి పట్టకూడదని, పదో తరగతితో ఆపేసిన పరశురాములు ఏ కాగితం ఏ బల్ల మీదికి పోవాలో మొత్తం తెలుసుకున్నాడు. తన చావు దరఖాస్తు తానే నింపి పెట్టుకున్నాడు. పేరు, కార్డు నంబరు, ప్రమాద కారణం, అన్నీ రాసి తారీకు ఒక్కటే వదిలేశాడు.

"తారీకేసి ఇస్తే చాలు" అని చూపిస్తే రేణుక కాగితం లాక్కుని కడిగేసింది. "నీ నోట్లె మన్నువొయ్య, గివేం మాటలయ్యా పొద్దుపొద్దుగాల!" ఏడ్చింది కూడా. కానీ చింపలేదు, చీరల కింద పెట్టింది.

ఈ సంగతి పొక్కి, మోకు జారిన ఇండ్లవాళ్లంతా దరఖాస్తు రాయమని ఆయన దగ్గరికే రాసాగారు. ఆయన రాస్తే తిరిగి రాదని పేరొచ్చింది. ప్రమాద కారణం అన్న గడిలో అందరికీ ఒకే ముక్క రాశాడు: మోకు జారి. ఆ మాటే రాయాలి. ఇంకేం రాసినా "సొంత అజాగ్రత్త" అని కొట్టేస్తారు. అలా రాస్తూ రాస్తూ గీత కార్మికుల సొసైటీకి కార్యదర్శి అయ్యాడు. పిరికోడని నవ్విన ఊరే చేతులెత్తి ఎన్నుకుంది.

తాటిచెట్లు ఎక్కేవాళ్లకు సర్కారు రక్షణ కిట్లు పంచిన ఏడాది, వాటి వాడకం నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక సంస్థ వచ్చింది. నడుముకూ తొడలకూ పట్టీలు, చెట్టు చుట్టూ ఇంకో తాడు, దానికి ఇనుప కొక్కెం, కొక్కేనికి బిగించే మర. పదిహేనేండ్లుగా టార్పాలిన్ తాడుతో ఆ పనే చేస్తున్న మనిషిని చూసి సంస్థ పెద్ద దిలీప్ సార్ కళ్లు మెరిశాయి. పరశురాములుకు ఎర్ర కోటు తొడిగి ఊరూరా తిప్పాడు. జిల్లాకొక శిక్షకుణ్ణి నెల జీతం మీద పెట్టుకుంటామని, భూపాలపల్లికి మీ పేరే రాస్తానని చెప్పాడు.

జీతం కంటే పరశురాములును పట్టేసింది వేరే ఉంది. పొద్దున పది చెట్లు, మాపటికి పది చెట్లు. ఆ ఉద్యోగం వస్తే ఇరవై మూడేండ్లుగా రోజుకు ఇరవైసార్లు చచ్చి దిగే బతుకు తప్పుతుంది. పైగా జన్మలో మొదటిసారి ఒక మనిషి ఆయన్ను గారూ అని పిలుస్తున్నాడు.

మరిపెడ శిక్షణలో చెట్టు కింద నిలబడి అలవాటుగా మోకు గుంజాడు, కొక్కెం గుంజాడు, మూడుసార్లు. వెనక నుంచి ఎవడో అరిచాడు. "సార్లకే నమ్మకం లేనట్టున్నదిరో!" అరవై మంది ఘొల్లుమన్నారు. దిగాక దిలీప్ సార్ పక్కకు తీసుకుపోయి నీళ్ల సీసా చేతికిచ్చాడు.

"పరశురాములు గారూ, ఆ లాగడం ఎందుకండీ? కిట్ మీద మీకే అనుమానం ఉన్నట్టు కనిపిస్తోంది."

"భయం సార్. గందుకే గుంజుత."

"ఒకప్పుడు ఉండేది. దాన్ని మీరు జయించారు. కథ అలా ఉండాలి."

"జయించలే సార్. గిప్పుడు సుత కాళ్లు వణుకుతయ్."

దిలీప్ సార్ నవ్వి భుజం తట్టాడు. "అది మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. పై వారం పేర్లు ఖాయం చేస్తున్నాను."

మహబూబాబాద్‌లో పెద్ద సభ పెట్టారు. 'భయాన్ని జయించిన వీరుడు' అని పరశురాములు ఫొటోతో ఫ్లెక్సీ. వీడియో తీసేవాడు చెట్టుకెదురుగా నిలబడ్డాడు. పరశురాములు మోకు వేసుకున్నాడు, కొక్కెం తగిలించి మర బిగించాడు. చెయ్యి దానంతటదే గుంజడానికి పోయింది. దిలీప్ సార్ దూరం నుంచి తల అడ్డంగా ఊపాడు. పరశురాములు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఎక్కాడు. ఇరవై మూడేండ్లలో అంత భయంతో ఎన్నడూ ఎక్కలేదు. తడిసిన చొక్కాను ఎర్ర కోటు కప్పేసింది. దిగాక మైకు నోటి దగ్గర పెడితే, "భయం ఉత్తది. నాకు గిప్పుడు భయం లేదు" అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. భయం ఆయన్ని అంతదూరం పెంచుకుంటూ తెచ్చింది. ఏరు దాటగానే తెప్పను తగలబెట్టాడు.

వీడియో ఆ సాయంత్రానికే సొసైటీల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టింది. మర్నాడు తాటివనంలో పోశాలు ఫోను ఊపుకుంటూ ఎదురొచ్చాడు.

"గుంజలేదేంది బావా! ఒక్కసారి సుత గుంజలే! దెబ్బకు హీరోవైతివి!"

వాడి కళ్లలో వెటకారం లేదు. ఇరవై ఏండ్లలో మొదటిసారి పోశాలు బావను గౌరవంగా చూశాడు. 'అది వీడియో కోసం, నువ్వు మాత్రం గుంజు' అని ఒక్క మాట అంటే అయిపోయేది. పరశురాములు అనలేదు. ఆ గౌరవం తియ్యగా ఉంది. నవ్వి ఊరుకున్నాడు.

పద్దెనిమిది రోజుల తర్వాత ఆయన జనగామలో శిక్షణ ఇస్తుండగా రేణుక ఫోన్ చేసింది. ఏడుపులో ఒక్క ముక్కే అర్థమైంది.

"తమ్మునికి మోకు జారింది."

చెట్టు పైన మోకు జారిన మాట నిజమే. జారినా కిట్టు పట్టుకోవాలి. పట్టుకోలేదు, కొక్కేనికి మర బిగించి లేదు. కింద ఒక్కసారి గుంజితే ఊడి చేతికొచ్చేది. వరంగల్ దవాఖానలో డాక్టర్లు చూసి నడుము కింద ఇక స్పర్శ రాదన్నారు.

మూడో రోజు పోశాలు నోరు విప్పాడు. ఆ మాటలు వినడం కంటే వాడు బూతులు తిట్టినా బాగుండేది.

"నేను సుత గుంజేటోన్ని బావా."

పరశురాములుకు అర్థం కాలేదు.

"పొద్దుగాల నువ్వు రాకముందే వచ్చేది గందుకే. మీరెవ్వలు జూడకుంట గుంజేటోన్ని. నువ్వు మూడుసార్లు, నేను నాలుగుసార్లు." వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "వీడియోల జూసినంక బంద్ జేసిన. మా బావకే భయం పోయె, ఇగ నాకేంది అనుకున్న."

పరశురాములు మంచం ఇనుప కమ్మిని పట్టుకుని నిలబడ్డాడు.

వారం తర్వాత కాటారం శిక్షణకు పోయాడు. ఎర్ర కోటు వేసుకోలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకునే పోయాడు. చెట్టు కింద నిలబడి, అందరికీ కనబడేలా మూడుసార్లు గుంజి, మైకు తీసుకుని చెప్పాడు.

"అన్నలారా, నాకు భయం. గిప్పుడు సుత భయమే. వీడియోల నేను చెప్పింది అబద్ధం. నా అబద్ధం నమ్మి మా బామ్మర్ది మంచాన పడ్డడు. మీరు భయపడుండ్రి. గుంజుండ్రి."

దిలీప్ సార్ చప్పున లేచి మైకు అందుకున్నాడు. "చూశారా, మన పరశురాములు గారు ఎంత సరదా మనిషో! ఇంత ఎత్తుకు ఎదిగినా అణకువ పోలేదు. గట్టిగా చప్పట్లు!" మోగాయి. జీవితంలో ఒకే ఒక్కసారి పదిమంది ముందు నిజం చెబితే దానికీ చప్పట్లే.

భూపాలపల్లి శిక్షకుడిగా వేరే మనిషి పేరు వచ్చింది. పరశురాములు ఫోన్ చేసి, ఉద్యోగం గురించి అడగలేదు, ఆ వీడియో తీసేయమని బతిమాలాడు. "చాలామందికి స్ఫూర్తినిస్తోందండీ" అని మర్యాదగానే చెప్పాడు దిలీప్ సార్. మనిషిని తీసేశారు, వీడియోను తీయలేదు.

పరశురాములు మళ్లీ పొద్దున పది, మాపటికి పది చెట్లు ఎక్కుతున్నాడు. ప్రతి చెట్టు కిందా మూడుసార్లు గుంజుతాడు. ఇప్పుడు ఎవరూ నవ్వరు. నవ్వేవాడు వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు.

దవాఖాన కాగితాలు చేతికొచ్చిన రోజు పరశురాములు ఆ మంచం పక్కన కూర్చుని పోశాలు దరఖాస్తు రాయడం మొదలుపెట్టాడు. పేరు, కార్డు నంబరు, తారీకు అయ్యాయి. ప్రమాద కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. కొక్కెం చూసుకోలేదని రాస్తే కాగితం తిరిగొస్తుంది, అప్పట్లో పోచమ్మ తిరిగినట్టే వాడి పెండ్లాం ఆఫీసుల చుట్టూ తిరగాలి. తన పేరు రాయాలని ఉంది. దాన్ని రాసే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

పోశాలు తల తిప్పి చూశాడు. "ఏమాయె బావా? ఎప్పటి లెక్కనే రాయి."

పరశురాములు రాశాడు.

"ఏం రాసినవో సదువు" అన్నాడు పోశాలు.

"మోకు జారి" అని చదివాడు పరశురాములు.