కొసరు వేసిన సీసం

సీలేరు జలాశయంలో గేట్ల ముందు పేరుకునే దుంగలూ చెత్తా తీయడం నా పని. గాలి సిలిండరు కట్టుకుని దిగుతాను. ఊరికే దిగితే నీళ్లు మనిషిని పైకి తోసేస్తాయి కాబట్టి నడుముకి బెల్టుతో సీసం కట్టుకోవాలి. ఇదివరకు దిమ్మలు కట్టుకునేవాణ్ణి. అవి తుంటి ఎముకల మీద నొక్కి నొక్కి, ఇంటికొచ్చాక మంచం మీద పక్కకి తిరగాలన్నా ప్రాణం విసిగిపోయేది. సంచుల్లో సీసం గుళ్లు పోసుకుంటే ఒంటికి ఒదుగుతాయని ఎవరో చెప్పారు. మిరియాలంత గుళ్లు. అవీ బరువే, కాకపోతే కాస్త మర్యాద తెలిసిన బరువు.

మొన్న వర్షాకాలం పోయాక ఆ సంచులు చిరిగిపోయాయి. అమ్మ నా పాత జీన్స్ ప్యాంటు కత్తిరించి కొత్తవి కుట్టింది. సంచికొక సోల పొయ్యమని, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పి నేను పడుకుండిపోయాను. కూర్చుని చూసే ఓపిక కూడా లేదు.

అమ్మ సంతలో చోళ్లు, అంటే రాగులు, సోలతో కొలిచి అమ్ముతుంది. సోల అంటే ఆమెకి అంచు దాటి కుప్పగా నిండాలి, ఆపైన పిడికెడు కొసరు పడాలి. చర్చిలో కోతల పండక్కి ఇచ్చే గింజలకీ అంతే, బేరమాడి విసిగించినవాళ్లకీ అంతే. మా కొండ మీద అంచుకి సమంగా కొలిచేవాణ్ణి ఎవరూ మనిషిగా చూడరు. ఇక కొడుక్కి కొలిచేటప్పుడు ఆ చెయ్యి ఊరుకుంటుందా?

మర్నాడు పడవలోంచి దిగగానే తేడా తెలిసింది. దిగడం కాదది, పడిపోవడం. చెవులు పోటెత్తాయి. మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాను. బురద లేచి ఏమీ కనబడలేదు. ఎంత తన్నుకున్నా పైకి లేవలేకపోయాను. నిజం చెప్పాలంటే భయం కన్నా ముందు విసుగొచ్చింది. ఇక చాలు, ఇక్కడే ఉండిపోదాం అనిపించింది. ఆ ఆలోచనకే ఒళ్లు జలదరించి, బకిల్ లాగి సంచులతో సహా బెల్టు వదిలేశాను. పడవకి కట్టిన తాడు పట్టుకుని మెల్లగా పైకొస్తే, పడవలో ఉన్న మా బావ జబ్బ పట్టి లోపలికి లాగాడు.

సాయంత్రం ఇంటి దగ్గర బావ నోరు ఆగలేదు. “అత్తా, నీ కొసరు మా బామ్మర్దిని బురదలో పాతేసింది. ఏటి పోసినావు అందులో?” అని నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. “సోలే కదేటి పోసినాను! ఇంత కొసరేసినాను. నా గుంటడికి తక్కువెయ్యమంతావా?” అంది. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

మళ్లీ సీసం తెచ్చినప్పుడు, నేనే పోసుకుంటానన్నా వినకుండా సోల తెచ్చుకుని కూర్చుంది. నింపింది. అంచు మీద అరచేత్తో రాసి, పైనున్న గుళ్లన్నీ డబ్బాలోకి దులిపేసింది. అమ్మ అలా కొలవగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. నా ప్రాణం నిలిపే కొలత అది. ఆమె మాత్రం నా నోటి దగ్గరి ముద్ద లాక్కున్నదానిలా తల దించుకుని అడిగింది.

“సాల్తాదా నాయినా?”