నాకు చెప్పని పన్నెండు రోజులు

మా నాన్న పోయిన సంగతి నాకు పన్నెండు రోజులు చెప్పలేదు. అప్పుడు నాకు ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి దిగులుపడితే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుందని నా భర్త ఎక్కడో చదివాడట. అతనూ, అత్తగారూ, మా అమ్మా కలిసి నాకు చెప్పకూడదని తీర్మానించుకున్నారు.

మేముండేది మణికొండలో, అమ్మానాన్నలు లింగంపల్లిలో. ఆఫీసులో నేను టీకి లేచే వేళకు నాన్న రోజూ ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగేవాడు. ఉన్నట్టుండి ఆ ఫోన్ ఆగిపోయింది. గొంతు వాచింది, డాక్టర్ మాట్లాడొద్దన్నాడని అమ్మ చెప్పింది. వచ్చి చూస్తానంటే అంటుకునే జ్వరం, రావద్దంది. నాకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. రోజుకో రోగం ఊహించుకుని వణికాను.

చెకప్‌లో బీపీ పెరిగింది. దేనికింత దిగులని డాక్టరమ్మ అడిగితే నాన్న జబ్బు సంగతి చెప్పాను. ఆమె నా భర్త వైపు తిరిగి నన్ను ప్రశాంతంగా ఉంచమంది. అతను బుద్ధిమంతుడిలా తలూపాడు. వారం కిందటే ఆఫీసుకని చెప్పి వెళ్లి మా నాన్న చితి దగ్గర నిలబడి వచ్చినవాడు!

పన్నెండో రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక ఆఫీసు నుంచే క్యాబ్ ఎక్కి లింగంపల్లి వెళ్లాను. తలుపు తీసిన అమ్మ నుదుట బొట్టు లేదు.

"నీకు చెప్తే లోపల బిడ్డకేమైతదోనని చెప్పలే," అంది.

ముందురోజే దినాలు కూడా అయిపోయాయి. చెప్పులైనా విప్పకుండా గడప దగ్గరే కూలబడ్డాను.

పాప పుట్టింది. పద్నాలుగో నెల వచ్చినా అడుగు వేయలేదు. "అప్పుడు నువ్వు అంత దిగులు పెట్టుకుంటివి కదమ్మా, అందుకే," అన్నారు అత్తగారు.

"నాన్న పోయారన్నది నాకు తెలియనే తెలియదు కదా అత్తయ్యా. మీరు దాచారు కాబట్టే దిగులుపడ్డాను," అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు.

పిల్లల డాక్టర్ని అడిగాను. తల్లి నెలల తరబడి ఆందోళనపడితే బిడ్డ మీద కొంత ప్రభావం ఉండొచ్చు గానీ, ఈ ఆలస్యం దానివల్లేనని ఎవరూ చెప్పలేరన్నాడు. కొందరు ఇంకా ఆలస్యంగా నడుస్తారన్నాడు. పదహారో నెలలో పాప సోఫా వదిలి నాలుగడుగులు వేసింది.

మంచికే కదా చేశామని నా భర్త ఇప్పటికీ అంటాడు. ఎవరి మంచికి? బిడ్డను మోస్తున్నంత మాత్రాన నేను మా నాన్నకు కూతుర్ని కాకుండా పోయానా? అడిగిన ప్రతిసారీ అతను ఫోన్ చూసుకుంటాడు.