తలుపు లేని గది

మా అమ్మాయి ఇళ్ల ప్లాన్లు గీసే పెద్ద మానిటర్ మీద వెంట్రుకంత గీత కూడా స్పష్టంగా కనిపిస్తుంది. నేను ట్రేసర్‌గా చేరిన ఆ రోజుల్లో, అంటే అరవై తొమ్మిది ప్రాంతంలో, మా మానిటర్ ఒక గాజుబల్ల, దాని కింద ఓ బల్బు. చిక్కడపల్లి సందులో మేడమీద ఆఫీసు. పట్టపగలే నల్ల పరదాలు దించి, బల్లమీద పాత ప్లాను, దానిపైన కొత్త ట్రేసింగ్ క్లాత్ పరిచి, కింది వెలుగులో కనిపించిన ప్రతి గీతనూ ఇంకుతో దిద్దడమే నా ఉద్యోగం. అదీ నెల్లాళ్ల పరీక్ష మీద. తప్పు చేస్తే మళ్లీ రైలెక్కి మా నాన్న ముందు నిలబడాలి (అంతకంటే దయ్యాలే నయమనుకునేవాణ్ణి. అవి విన్నట్టున్నాయి).

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ని అందరం బ్లేడుగారు అనేవాళ్లం. తప్పు గీతను సగం బ్లేడుతో గీకి, అక్కడ గీత ఉండేదన్న సంగతే లేకుండా చేసేవారు. ఆయన ఒకరోజు అశోక్‌నగర్ ఇంటి ప్లానొకటి నాకిచ్చి, పనిమీద నారాయణగూడ వెళ్లారు. బల్బు వేశాను. వంటింటి వెనక చిన్న గది ఒకటి మసకగా వెలుగుతోంది. ఆర్పితే లేదు. వేస్తే ఉంది. పైగా లోపల ఓ మూల ఉయ్యాల! తల కాస్త పక్కకు వంచితే అది కదిలినట్టనిపించింది. అమ్మ బాబోయ్ అనుకున్నాను. ఎవర్నైనా అడుగుదామంటే, పని రాదంటారని భయం. ఆంజనేయస్వామిని తలుచుకుంటూ నాలుగు గోడలూ దిద్దేశాను. ఒకచోట గీత వెలుగులో కలిసిపోయి తెగితే, దాన్నీ కలిపేశాను. ఉయ్యాల దిద్దడానికి మాత్రం చెయ్యి రాలేదు.

వారం తర్వాత ఆ ఇల్లు కడుతున్న పాలమూరు మేస్త్రీ బ్లూప్రింటు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "ఏంది సారూ ఇది? ఈ అర్రకు తలుపే లేదు. లోపటికి ఎట్ల పోవాలె? మావోళ్లంత పరేషాన్ అయితున్నరు."

బ్లేడుగారు కాగితం బల్లమీద పరిచి, ఆ గది మీద వేలు పెట్టారు. నేను మనసులోనే పెట్టె సర్దేసుకున్నాను.

"నువ్వు దిద్దావా?"

"కనిపించిందండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"అంత గీకినా కనిపించిందా!" అంటూ కుర్చీలో కూలబడ్డారు. అది ఆయన సొంతిల్లు కట్టుకోవాలని గీసుకున్న ప్లానట. ఆ గది భార్య పురిటికోసం. పురిట్లో తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. ఇల్లు కట్టడం మానేసి, ఆ గది గీకేసి, ప్లాను వేరేవాళ్లకు ఇచ్చేశారు. గీకిన చోట పాత ప్లాను క్లాత్ పలచబడి వెలుగు ఎక్కువ దిగుతుందని నాకప్పుడు తెలిసింది. "తలుపు దగ్గరే మరీ గీకాను, బాబూ" అన్నారు.

మేస్త్రీతో మాత్రం, "తప్పు నాదేనయ్యా, ఇతనిది కాదు" అని, కలం తీసి మెల్లగా తలుపు గీశారు. ఆ ఇల్లు కట్టించుకుంటున్నాయన స్టోరుగది కలిసొచ్చిందని మురిసిపోయాడు. నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు మా అమ్మాయి మీట నొక్కితే చాలు, గదికి గది మాయం. ఆనవాలుండదు. నేను మాత్రం అలవాటుకొద్దీ కళ్లజోడు సర్దుకుని తెరకు ముక్కు ఆనించి చూస్తాను.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?"

"ఏం లేదమ్మా. లోపల ఉయ్యాల గానీ ఉండిపోయిందేమోనని" అంటాను నవ్వుతూ.