వియత్నాంలో మా అమ్మాయి చేసిన నేరం

ఈ రోజు నరసరావుపేటలో మా అమ్మాయి కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. పోయిన నెల పిల్లల్ని వియత్నాం తీసుకెళ్ళారు, అక్కడి సంస్కృతి, ఆర్థిక వ్యవస్థ చూపించడానికట. చూపించింది షాపింగ్ మాల్, పెట్టించింది ఇండియన్ హోటల్లో బిర్యానీ.

మా అమ్మాయి మాత్రం మాల్ పక్కనున్న సంతలోకి వెళ్ళి, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని, ఎండుమిర్చి అమ్మే ఒక పెద్దావిడతో చాలాసేపు మాట్లాడింది. కాయ ఆరబెట్టినప్పుడు వాన పడితే ఏం చేస్తారో కూడా అడిగింది.

అందుకని ఈ రోజు లెక్చరర్ గారు తనను క్లాసు ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పమన్నారు.

"చెప్పకుండా గ్రూపు వదిలి వెళ్ళిందమ్మా. ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?"

"చెప్పకపోవటం తప్పే సార్, నేనూ తిట్టా. ఇంతకీ మీరు ఆ దేశపోళ్ళలో ఒక్కరితోనన్నా మాట్లాడారా?"

"గైడ్‌తో మాట్లాడాం."

"ఆయనది ఏ ఊరు?"

"హైదరాబాద్."

"ఇంకేం చదివించారు సార్, నా మొహం!" అన్నాను.

మా అమ్మాయి తల దించలేదు. "చెప్పకుండా వెళ్ళినందుకు సారీ సార్. మాట్లాడినందుకు మాత్రం చెప్పను" అంది.

దాన్ని పొగరన్నారాయన. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. మీరేమంటారు?