మ్యూరియల్ వినని నవల

ఆ గురువారం హిలరీ పోకాక్, డెస్మండ్ వాళ్ళింట్లో కుర్చీలో పెట్టి ఉన్న కస్టర్డ్ టార్ట్ అనే మెత్తటి మిఠాయి మీద కూర్చుంది. డెస్మండ్ చూశాడు. అతను చూశాడని ఆమెకీ తెలిసింది. ఇద్దరూ మర్యాదస్తులు కావడంతో వానల గురించి మాట్లాడుకుంటూ టీ తాగారు. వెళ్ళేటప్పుడు ఆమె అతనికి వీపు తిప్పకుండా గుమ్మందాకా వెనక్కి నడిచింది. అతను పైకప్పు చూస్తూ సాగనంపాడు.

ఇల్లు కదల్లేనివాళ్ళకి లైబ్రరీ పుస్తకాలు చేరవేయడం హిలరీ పని. జీతం లేదు. భర్త పోయాక ఒంటరి ఇంట్లో ఉండలేక పట్టుకుంది. ఇంగ్లండులో, ష్రాప్‌షైర్‌లోని ఆ కొండవాలు ఊళ్ళో ఆమె సంచీ తెలియని గుమ్మం లేదు.

డెస్మండ్ స్టేషన్లో టికెట్లమ్మి రిటైరైనవాడు. అతని భార్య మ్యూరియల్ మంచాన్ని మేడమీంచి ముందుగదిలోకి దించేశారు. వసంతం దాకా ఉండొచ్చన్నారు డాక్టర్లు, అదీ నసుగుతూ. పెళ్ళైనప్పటినుంచీ అతను ఆమెకి హాస్య నవలలు చదివి వినిపిస్తూనే ఉన్నాడు.

"నేను విననిది ఒక్కటి తెచ్చిపెట్టమ్మా హిలరీ," అంది మ్యూరియల్. "పాతవాటిలో నవ్వు ఎక్కడొస్తుందో ముందే తెలిసిపోతోంది. మరోసారి ఉలిక్కిపడి నవ్వాలనుంది."

ఆ ఊరి పెద్దవాళ్ళు చదివేసిన లైబ్రరీ పుస్తకంలో పెన్సిలుతో తమ గుర్తు పెట్టుకుంటారు, పొరపాటున మళ్ళీ తెచ్చుకోకుండా. లైబ్రరీవాళ్ళు చూడనట్టే ఉంటారు. డెస్మండ్‌ది ముప్ఫయ్యో పేజీ అడుగున నెలవంక. హిలరీ పాత నవలల అరంతా తిరగేసింది. ప్రతిదాంట్లోనూ చంద్రుడు వచ్చి కూర్చున్నాడు.

ఇక ఇప్పటివాళ్ళు రాసినవే గతి. పొట్ట చెక్కలవుతుందని అట్టమీద ఒట్టేసినవి కొన్ని పట్టుకెళ్ళింది.

మ్యూరియల్ ఓపిగ్గా వింది. "పాపం, రాసినాయన బాగా కష్టపడ్డాడు," అంది. "కానీ ఇందులో ప్రతివాడికీ తను నవ్విస్తున్నానని తెలుసమ్మా. అది తెలిశాక ఇంకేం నవ్వొస్తుంది?"

ఆమె గొంతు వారంవారం సన్నబడుతోంది. హిలరీ బస్సులో, చర్చి మెట్లమీద, చివరికి స్నానాలతొట్టిలో కూడా చదివింది. ఒక రోజు డాక్టరు దగ్గర వరసలో కూర్చుని ఒక కొత్త నవల తెరిచింది. కథ చర్చి గంటలు కొట్టే బృందానిది. అందులో ఒకాయన ఎప్పుడూ తాళం తప్పుతాడు. ఆయన మనసు నొప్పించలేక మిగతావాళ్ళంతా, ఏళ్ళ తరబడి, ఆయనతోబాటే తప్పు కొడుతుంటారు. హిలరీ నోటినుంచి గుర్రం సకిలింపులాంటిది వచ్చింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఫ్లూ టీకాల నోటీసును శ్రద్ధగా చదవసాగారు. ఆమె డాక్టర్ని చూడకుండానే లేచి వెళ్ళిపోయింది.

డెస్మండ్ ఆ నవలను రైళ్ళ రాకపోకలు ప్రకటించే గొంతుతో చదివాడు. హిలరీ వంటింట్లో కెటిల్ పట్టుకుని, నీళ్ళు పట్టడం మరిచి నిలబడింది. ముందుగదిలోంచి చాలాసేపు డెస్మండ్ గొంతొక్కటే వినిపించింది. తర్వాత వినిపించింది దగ్గు అనుకుంది. దగ్గు కాదు.

"ఆగు డెస్, ఆగు... ఊపిరందట్లేదు... ఆఁ, చదువు, ఆపావెందుకు?"

డెస్మండ్ చదవలేకపోతున్నాడు. అతని గొంతులో ఉన్నది నవ్వొక్కటే కాదని హిలరీకి అర్థమైంది. ఆమె వంటింటి తలుపు మెల్లగా దగ్గరికేసింది.

బయటికొచ్చేసరికి పక్కింటి స్ప్రోట్ గేటు దగ్గర కాపు కాస్తున్నాడు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ.

"ఏవిటండీ హిలరీ గారూ ఇది? మనిషి పోయేలా ఉన్న ఇంట్లోంచి ఈ పగలబడి నవ్వడాలేమిటి? గోడకున్న మా గడియారం ఊగుతోంది. ఇదేమైనా పద్ధతా?"

హిలరీ సంచీ భుజానికి సర్దుకుంది.

"ఇంకా సగం పుస్తకం ఉందండీ, కాస్త ఓర్చుకోవాలి."